పాత రోజుల్లో గుంటూరు, బెజవాడల్లో పురుళ్లు, చంటిపిల్లల టీకాలు: మునిసిపాలిటీ నర్సమ్మ పని ఎలా సాగేది?

ప్రశ్న: బ్రాడీపేట పాఠకురాలు

నమస్కారం. మా పేట లైబ్రరీ తరఫున ఆడవాళ్లం కొందరం కలిసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నాం. గుంటూరు, విజయవాడ, చుట్టుపక్కల ఊళ్లలో సుమారు 1900 నుంచి 1980 దాకా గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు ఊళ్లో అందిన వైద్యం ఏమిటన్నది విషయం. పెద్దవాళ్లను అడిగితే "మునిసిపాలిటీ నర్సమ్మ వచ్చి పురుడు పోసింది", "పాలపొడి సెంటరుకు గిన్నె పట్టుకెళ్లేవాళ్లం", "టీకాలవాడు వస్తున్నాడంటే పిల్లల్ని దాచేసేవాళ్లు" అంటున్నారు. అంతకు మించి వివరం దొరకడం లేదు.

మాకు కావలసింది పని జరిగిన తీరు. ఏ సంస్థ ఎప్పుడు మొదలైంది? నర్సమ్మ సంచిలో ఏముండేది? ఇంటికొచ్చి వరసగా ఏమేం చేసేది? ఎక్కడ బెడిసికొట్టేది, ఎందుకు? పాత రిజిస్టర్లు, నివేదికలు ఎక్కడ చూడాలి? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి. వైద్యం చదవని ఆడవాళ్లు చదివే పుస్తకమని గుర్తుపెట్టుకుని రాస్తే ఇంకా మేలు.

జవాబు 1: పాత గుంటూరు

మంచి పని తలపెట్టారండీ. ముందు సంస్థల సంగతి చెప్తాను.

గుంటూరులో ఆడవాళ్ల వైద్యం ఊపందుకుంది మిషన్ ఆసుపత్రులతోనే. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. మొదట ఇళ్లకు వెళ్లి చూడటం, తర్వాత డిస్పెన్సరీ, 1898లో ఆసుపత్రి. ఆమె 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆవిడ పేరుతోనే ఆ ఆసుపత్రిని ఇవాళ్టికీ కుగ్లర్ ఆసుపత్రి అంటున్నాం. మగ డాక్టరు దగ్గర పరీక్షకు ఒప్పుకోని ఇళ్లలోకి ఆడ డాక్టరు అడుగు పెట్టగలగడమే అప్పట్లో సగం వైద్యం. రెండోది జేఎంజే (జీసస్, మేరీ, జోసెఫ్) అనే క్యాథలిక్ సిస్టర్ల సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి. ఆస్ట్రేలియాలో వైద్యం చదివిన సిస్టర్ మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు చేరి స్థానిక అమ్మాయిలకు కాంపౌండర్, మంత్రసాని, నర్సు పనులు నేర్పారు. మీ పుస్తకంలో ఈ శిక్షణ సంగతికి తప్పకుండా చోటివ్వండి. డాక్టరు ఒక్కరే, ఊళ్లు వందలు. ఊళ్లకు వెళ్లి పని చేసింది ఆ అమ్మాయిలు.

ప్రభుత్వం వైపు చూస్తే మనం 1953 దాకా మద్రాసులో భాగం, కాబట్టి చట్టాలన్నీ అక్కడివే. 1926లో మద్రాసు నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చింది. దాంతో పరీక్ష పాసై రిజిస్టరులో పేరున్న మిడ్‌వైఫ్ వేరు, ఊరి మంత్రసాని వేరు అని కాగితం మీద విడిపోయింది. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. మాతాశిశు సంక్షేమం స్థానిక సంస్థల బాధ్యత అని అందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మునిసిపాలిటీలు తమ ఆదాయంలో కనీసం 30 శాతం ప్రజారోగ్యానికి కేటాయించాలన్న నిబంధన కూడా దానిదే. అయితే ఆ 30 శాతంలోనే నీటి సరఫరా, డ్రైనేజీ కూడా. పైపులకు, కాలువలకు పోగా మిగిలిన దాంట్లోంచే నర్సమ్మ జీతం వచ్చేదని గుర్తుంచుకుంటే, పట్టణమంతటికీ మిడ్‌వైఫ్‌లు ఎందుకంత తక్కువో అర్థమవుతుంది.

1946లో రెండు జరిగాయి. గుంటూరు మెడికల్ కాలేజీ మొదలైంది, దేశంలో వైద్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ నివేదిక వచ్చింది. 1937లో బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 162 మంది ఏడాది నిండకుండా పోయారని ఆ నివేదికలో ఉంది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకుకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దాని కింద మూడు సబ్‌సెంటర్లు అన్నారు. సిబ్బందిలో ఒక డాక్టరు, ఇళ్లకు తిరిగి తల్లీబిడ్డల్ని చూసే ఒక హెల్త్ విజిటర్, నలుగురు మిడ్‌వైఫ్‌లు. అరవై డెబ్బై వేల జనాభాకు ఆ నలుగురే. 1959 తర్వాత పంచాయతీ సమితులు వచ్చాయి గనుక పల్లెల్లో పెద్దవాళ్లు "సమితి ఆసుపత్రి" అంటే అదే అనుకోండి.

విజయవాడ గురించి ఒక్క మాట. హనుమాన్‌పేట పాత ప్రభుత్వాసుపత్రిని చాలామంది మెడికల్ కాలేజీతో కలిపేసి రాస్తుంటారు. సిద్ధార్థ మెడికల్ కాలేజీ వచ్చింది 1980లో. అంతకు ముందు బెజవాడ వైపు చెయ్యి దాటిన కేసులు చాలావరకు గుంటూరు పెద్దాసుపత్రికే వెళ్లేవి. 1957లో ప్రకాశం బ్యారేజీ మీద రోడ్డు పడేదాకా కృష్ణ దాటాలంటే రైలెక్కాలి, లేకపోతే పడవ.

జవాబు 2: శిక్షణ నర్సు

సంచి గురించి, ఇంటి పురుడు గురించి నేను రాస్తాను. ఇది ఏఎన్‌ఎం (సహాయ నర్సు-మిడ్‌వైఫ్), హెల్త్ విజిటర్ శిక్షణలో నేర్పిన క్రమం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

సంచిలో ఉండేవి: ఏప్రన్, సబ్బు, గోళ్ల బ్రష్షు, చేతి తువ్వాలు. ఎనామిల్ గిన్నెలు రెండు, కిడ్నీ ట్రే ఒకటి. ఆర్టరీ ఫోర్సెప్స్ రెండు, కొన మొద్దుగా ఉన్న బొడ్డు కత్తెర, బొడ్డు కట్టే దారం. ఎనిమా డబ్బా, రబ్బరు గొట్టం, మూత్రం తీసే కాథెటర్, బిడ్డ నోట్లో తెమడ పీల్చే గొట్టం. పొట్ట మీద పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినే గరాటు లాంటి ఫీటోస్కోపు. థర్మామీటరు, టేపు, బిడ్డను ఉయ్యాల గుడ్డలో వేసి తూచే స్ప్రింగు త్రాసు. లైసాల్ లేదా డెట్టాల్, స్పిరిట్, బిడ్డ కళ్లలో వేసే సిల్వర్ నైట్రేట్ చుక్కలు, గర్భసంచిని బిగించే ఎర్గోమెట్రిన్ మాత్రలు. ఇవి గాక మూత్ర పరీక్షకు స్పిరిట్ దీపం, టెస్ట్ ట్యూబు, పలచటి ఎసిటిక్ ఆసిడ్, చక్కెర ఉందేమో చూసే బెనిడిక్ట్ ద్రావణం.

సంచిని వాడటానికీ ఒక పద్ధతి ఉంది. నేల మీద, మంచం మీద పెట్టకూడదు. న్యూస్‌పేపరు పరిచి దాని మీద పెట్టాలి. చేతులు కడుక్కోకుండా సంచి తెరవకూడదు. కావలసినవన్నీ ఒకేసారి తీసి మూసేయాలి. వాడిన సామాను కడిగి ఉడకబెట్టకుండా తిరిగి లోపల పెట్టకూడదు. లేచేటప్పుడు న్యూస్‌పేపరు నేలకు ఆనిన వైపు లోపలికి వచ్చేలా మడవాలి. చాదస్తంగా కనిపిస్తుంది గానీ, బాలింత జ్వరం ఒక ఇంటి నుంచి మరో ఇంటికి నర్సు చేతుల్లోనే, సంచిలోనే ప్రయాణం చేస్తుంది. ఈ పద్ధతి తప్పిన చోట నర్సు ఒక ఇంట్లో కాన్పు చేసి, పక్క వీధిలో బాలింతకు జ్వరం మోసుకెళ్లినట్టే.

నెలలు నిండకముందు చూడాల్సినవి: ఏడో నెల దాకా నెలకోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి, తొమ్మిదో నెలలో వారానికోసారి అన్నది పుస్తకం చెప్పే లెక్క. అంతమందిని ఒక్క నర్సమ్మ చూడలేదు గనుక కనీసం మూడుసార్లన్నా చూడాలని పెట్టుకున్నారు. మూత్ర పరీక్ష మాత్రం ఎవరూ వదలకూడదని గట్టిగా చెప్పేవారు. టెస్ట్ ట్యూబులో మూడింట రెండు వంతులు మూత్రం పోసి, కింది భాగం పట్టుకుని పైభాగాన్ని దీపం మీద కాచాలి. తెల్లగా మబ్బు కడితే రెండు మూడు చుక్కల ఎసిటిక్ ఆసిడ్ వేయాలి. మబ్బు విడిపోతే ఫాస్ఫేట్లు, భయం లేదు. అలాగే ఉంటే ఆల్బుమిన్ అనే మాంసకృత్తు. దానికి కాళ్ల వాపు, తలనొప్పి, కళ్లు మసకలు తోడైతే గుర్రపువాతం (గర్భిణికి వచ్చే ఫిట్స్) రాబోతున్నట్టు. అప్పుడిక ఇంట్లో పురుడు వద్దు, పెద్దాసుపత్రికి పంపాలి. ఆసిడ్ వేయకుండానే మబ్బు చూసి ఆల్బుమిన్ అని రాయడం కొత్త నర్సులు ఎక్కువగా చేసే పొరపాటు.

ఇంట్లో పురుడు పోయకూడని వాళ్ల జాబితా కూడా ఉండేది: 140 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉన్న తొలిచూలు, 30 దాటిన తొలిచూలు, బిడ్డ అడ్డం తిరిగినా ఎదురుకాళ్లతో ఉన్నా, కవలలు, ముందే నెత్తురు కనిపించినవాళ్లు, బాగా పాలిపోయినవాళ్లు, అంతకు ముందు కాన్పులో బిడ్డ పోయినవాళ్లు, చాలా కాన్పులైనవాళ్లు. జాబితా మంచిదే. కానీ వీళ్లందరినీ పంపడానికి బండి ఎక్కడ, పడుకోబెట్టడానికి మంచాలెక్కడ?

ఇక పురుడు. మన ఇళ్లలో పురిటి గది అంటే చీకటిది, గాలి ఆడనిది, పాత గోనె మీద పడక. నర్సమ్మ ముందుగా చేసేది కిటికీ తీయించడం, పొయ్యి మీద రెండు గిన్నెల నీళ్లు పెట్టించడం. ఒకటి సామాను ఉడకబెట్టడానికి, ఒకటి కాచి చల్లార్చడానికి. కత్తెర, ఫోర్సెప్స్, దారం నీళ్లు తెర్లడం మొదలైన దగ్గర్నుంచి 20 నిమిషాలు ఉడకాలి. మధ్యలో ఇంకో వస్తువు వేస్తే లెక్క మళ్లీ మొదటికి. గోనె తీసేసి, న్యూస్‌పేపర్లు పరిచి, వాటి మీద ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు గుడ్డ వేయాలి. పని అయ్యాక ఆ కాగితాలు కాల్చేయడమే. ఒక పైంటు నీళ్లకు ఒక టీస్పూను లెక్కన లైసాల్ కలిపి పెట్టుకోవాలి. గోళ్లు కత్తిరించుకుని మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడగాలి.

గర్భసంచి ముఖం పూర్తిగా తెరుచుకోకముందే "ముక్కు, ముక్కు" అని తొందరపెట్టకూడదు, పొట్ట నొక్కకూడదు. పాతకాలపు మంత్రసానులతో నర్సులకు గొడవ వచ్చింది ఎక్కువగా ఇక్కడే. తొందరపెడితే తల్లి అలిసిపోతుంది, అసలు సమయానికి ఓపిక ఉండదు. లోపలికి చెయ్యి పెట్టి చూడటం ఎంత తక్కువైతే అంత మంచిది. పొట్ట మీద తడిమి తల ఎంత దిగిందో చూడటం నేర్చుకోమనేవారు.

బిడ్డ బయటకు రాగానే నోరు, ముక్కు శుభ్రం చేయాలి. బొడ్డులో నాడి కొట్టుకోవడం ఆగాక పొట్టకు రెండు అంగుళాల దూరంలో ఒక ముడి, దానికి అంగుళం అవతల రెండో ముడి వేసి మధ్యలో కత్తిరించాలి. రెండో ముడి ఎందుకంటే, లోపల ఇంకో బిడ్డ ఉంటే తెగిన కొసలోంచి ఆ బిడ్డ నెత్తురు పోకుండా. అరగంట తర్వాత మళ్లీ చూడాలి, ఎందుకంటే బొడ్డు లోపలి జిగురు కుంచించుకుపోయి ముడి వదులవుతుంది. లావుగా ఉన్న బొడ్డుకు ఇది ఎక్కువ. ఆ తర్వాత బొడ్డు మీద ఏమీ పెట్టకూడదు. బూడిద, పసుపు, పేడ పెట్టడం, కొడవలితోనో పాత బ్లేడుతోనో కోయడం వల్లే ధనుర్వాతం. పేడలో, మట్టిలో ఆ సూక్ష్మజీవి గింజలు ఉంటాయి. మామూలు వేడికి చావవు. పుట్టిన రెండు మూడు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ ఆరేడు రోజులకు చన్ను పట్టలేకపోవడం, దవడ బిగుసుకోవడం, ముట్టుకుంటే విల్లులా వంగిపోవడం. గాలి సోకిందనుకునేవాళ్లు.

కళ్లకు 1 శాతం సిల్వర్ నైట్రేట్, ఒక్కో కంట్లో ఒక్కో చుక్క. దీన్ని ముదురు రంగు సీసాలో, బిరడా గట్టిగా పెట్టి ఉంచాలి. మూత వదులైతే నీరు ఆవిరై మందు చిక్కబడుతుంది, అప్పుడదే చుక్క పసికంటిని కాలుస్తుంది. మన ఎండలకు ఇది నిజమైన ప్రమాదం.

మాయ పడేదాకా బొడ్డు లాగకూడదు. కొంచెం నెత్తురు ఒక్కసారి రావడం, బొడ్డు తాడు పొడుగవడం, గర్భసంచి గట్టిపడి పైకి లేవడం చూశాకే తల్లిని ముక్కమనాలి. పడిన మాయను నీళ్లలో కడిగి అరచేతిలో పరిచి, ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందా, పొరలు పూర్తిగా వచ్చాయా అని చూడాలి. అరగంట దాటినా పడకపోతే ఆసుపత్రికే. ఎర్గోమెట్రిన్ మాయ పడ్డాకే ఇవ్వాలి. బిడ్డ బయటకు రాకముందు ఇస్తే గర్భసంచి బిగిసిపోయి బిడ్డకు ఊపిరాడదు, తల్లికి గర్భసంచి చిరుగుతుంది.

తర్వాత మొదటి మూడు రోజులు రోజుకు రెండుసార్లు, అక్కణ్నుంచి బొడ్డు ఊడేదాకా రోజుకోసారి వెళ్లాలి. నాడి, జ్వరం, మైల నెత్తురు వాసన, గర్భసంచి ఎత్తు చూడాలి. మొదటిరోజు బొడ్డు దగ్గర ఉండే గర్భసంచి పైకొస రోజుకు ఒక వేలి వెడల్పు చొప్పున దిగి, పది పన్నెండు రోజులకు చేతికి అందకుండా పోవాలి. దిగడం ఆగి, మైల వాసన వేసి, జ్వరం 100.4 దాటితే అది బాలింత జ్వరమే. వాతం చేసిందని కాయం తినిపిస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. ముర్రుపాలు పిండి పారబోయకుండా చూడటం, ఆముదం, చక్కెరనీళ్లు నాకించకుండా ఆపడం కూడా ఈ రాకపోకల్లోనే. నిజానికి పురుడు పోయడం కంటే ఈ పదిరోజుల పని కష్టం. అత్తగారిని ఒప్పించాలి కదండీ.

బ్రాడీపేట పాఠకురాలు

శిక్షణ నర్సు గారూ, ఇంత వివరం వస్తుందనుకోలేదు, చాలా కృతజ్ఞతలు. రెండు సందేహాలు. ఇంత పద్ధతి ఉన్నా తల్లులు ఎందుకు పోయేవారు? ఊరి మంత్రసానులకు ప్రభుత్వం శిక్షణ ఇచ్చిందంటారు, అదెలా ఉండేది? టీకాలు, పాలపొడి గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

శిక్షణ నర్సు

పోయింది ఎక్కువగా నెత్తురు వల్ల. కాన్పయ్యాక అర లీటరు దాటి పోతే ప్రమాదం అంటారు. కానీ అప్పటికే రక్తం పలచబడి ఉన్న మనిషికి అంతకంటే తక్కువ పోయినా చాలు. నర్సమ్మ చేయగలిగింది గర్భసంచిని పైనుంచి రుద్ది గట్టిపరచడం, బిడ్డను చన్నుకు పట్టించడం, మూత్రసంచి ఖాళీ చేయించడం, ఎర్గోమెట్రిన్. ఇవి పని చేయకపోతే మిగిలింది గంటల లెక్కే. ఎడ్లబండి మీద కాలువగట్టు దాకా, అక్కణ్నుంచి పడవో రైలో. కాన్పయ్యాక వచ్చే ఈ రక్తస్రావానికి అంత వ్యవధి ఉండదు. నర్సమ్మ పనితనం తక్కువై పోయిన ప్రాణాలు కావవి. దారిలో పోయాయి.

అందుకే ముందు నుంచే రక్తం పట్టించే ప్రయత్నం చేశారు. 1970లో కేంద్రం మొదలుపెట్టిన పథకం కింద గర్భిణికి రోజుకు ఒక మాత్ర, 60 మిల్లీగ్రాముల ఇనుము, అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆసిడ్, 100 రోజులు. పంచడం తేలిక, మింగించడం కష్టం. వికారం, నల్లటి విరేచనం చూసి భయపడి మానేసేవారు. బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందన్న భయం ఇంకొకటి. భోజనమయ్యాక వేసుకోమని, కాఫీ టీలతో వద్దని, నల్లగా రావడం మాత్ర వల్లేనని మొదటిరోజే చెప్పిన చోట మాత్రలు మిగిలిపోయేవి కావు.

మంత్రసానుల శిక్షణ 1977 గ్రామీణ ఆరోగ్య పథకంతో పెద్ద ఎత్తున సాగింది. 30 పనిదినాలు, 300 రూపాయల భత్యం. వారంలో రెండు రోజులు కేంద్రంలో పాఠం, నాలుగు రోజులు నర్సుతో ఊళ్ల వెంట. శిక్షణలో కనీసం రెండు ఇంటి పురుళ్లు చేసి చూపించాలి. చదువు రాని వాళ్లకు ఐదు శుభ్రతలు వేళ్ల మీద లెక్కపెట్టించి నేర్పేవారు: చేతులు, పడక, బ్లేడు, దారం, బొడ్డు. చివర్లో ఒక పెట్టె ఇచ్చేవారు. లోపం ఎక్కడంటే, పెట్టెలో సబ్బు, బ్లేడు, దారం అయిపోయాక మళ్లీ నింపే ఏర్పాటు సరిగా లేదు. అయిపోగానే పాత కత్తే బయటకు వచ్చేది.

ఇంకో మాట. నొప్పులు త్వరగా రావాలని ఊళ్లో ప్రైవేటుగా "నొప్పుల సూది" వేయించే అలవాటు తర్వాత బాగా పెరిగింది. బిడ్డ అడ్డంగా ఉందో, దారి ఇరుకో చూడకుండా ఆ సూది వేస్తే గర్భసంచి పగిలిపోతుంది. పుస్తకంలో దీన్ని తప్పకుండా రాయండి. నర్సమ్మ ఓపిగ్గా ఎందుకు ఎదురుచూసేదో చదివేవాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

జవాబు 3: టీకా కార్డు

టీకాల సంగతి. 1970ల ముందు "టీకా" అంటే చాలావరకు మశూచి టీకాయే. మందు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చేది. దూడ చర్మం మీద పెంచిన ద్రవం అది, సన్నటి గాజు గొట్టాల్లో. ఎండకు త్వరగా చచ్చిపోతుంది. మద్రాసు నుంచి రైల్లో వచ్చి, తాలూకా నుంచి సైకిలు మీద వేసవిలో ఊరు చేరేసరికి మందు నిర్జీవం. గుచ్చినా పొక్కు లేవదు. అందుకే వారం తర్వాత టీకాలవాడు మళ్లీ వచ్చి "ఎక్కిందా లేదా" చూసి, ఎక్కకపోతే మళ్లీ వేయాలి. ఆ రెండో రాక తప్పించుకోవడానికే పిల్లల్ని దాచింది.

జనం భయానికి కారణం ఉంది. పళ్లున్న చిన్న చక్రం లాంటి పరికరాన్ని చర్మం మీద ఆనించి తిప్పేవారు. అలా రెండు నుంచి నాలుగు చోట్ల. లోతుగా దిగి పుండు పడేది, చీము పట్టేది, పిల్లకు జ్వరం. 1960ల్లో ఎండబెట్టిన మందు వచ్చింది, అది 37 డిగ్రీల వేడిలో కూడా నెలపాటు నిలుస్తుంది. దశాబ్దం చివరికి రెండు మొనల సూది వచ్చింది. మొనల మధ్య ఒక్క చుక్క నిలుస్తుంది, చర్మం మీద నిలువుగా 15 పోట్లు, సన్నగా నెత్తురు చెమ్మ కనిపిస్తే సరి. మందు నాలుగో వంతుతో సరిపోయింది, పుండు తగ్గింది. దేశంలో ఆఖరి కేసు 1975 మేలో. మీ పెద్దవాళ్ల భుజం మీద మచ్చలు చూడండి. పెద్దగా, ఒకటికి మించి ఉంటే చాలావరకు చక్రం కాలం నాటివి. అయితే ఎడమ భుజం మీద చిన్న గుండ్రటి మచ్చ బీసీజీది (క్షయ టీకాది) కావచ్చు, రెండూ కలిపేయొద్దు. బీసీజీ మన దేశంలో మొదలైంది 1948లో, మన మదనపల్లెలోనే.

ఆ తర్వాతి టీకాలకు ఇబ్బంది వేరు. 1978లో విస్తృత టీకాల కార్యక్రమం, 1985లో సార్వత్రిక కార్యక్రమం వచ్చాయి. పోలియో చుక్కలు గడ్డకట్టి ఉన్నా ఫరవాలేదు, వేడే శత్రువు. ట్రిపుల్ ఇంజెక్షన్ (కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతాలకు కలిపి వేసేది), ధనుర్వాతం సూది గడ్డకడితే చెడిపోతాయి. టీకాలు మోసుకెళ్లే క్యారియర్ పెట్టెలో నాలుగు ఐసు ప్యాకులు పెట్టి, వాటికి సీసాలు నేరుగా ఆనించేస్తే ట్రిపుల్ గడ్డకడుతుంది. కరిగాక సీసా ఊపి నిలబెడితే అడుగున రేణువులు త్వరగా పేరుకుంటాయి, అది పారేయాల్సిందే. ఎక్కువ చల్లగా ఉంచితే ఇంకా మంచిదన్న నమ్మకంతో పాడైన మందులు తక్కువేమీ కాదు. గర్భిణికి రెండు మోతాదుల ధనుర్వాతం సూది చేరడం, శుభ్రమైన బ్లేడు చేరడం, ఈ రెండూ కలిసి పసిపిల్లల ధనుర్వాతాన్ని దించాయి. 2015లో దేశం ఆ జబ్బును తొలగించినట్టు ధ్రువపడింది.

పాలపొడి: 1949 నుంచి యునిసెఫ్ ఇచ్చింది, వెన్న తీసిన పాల పొడి. బరువు లెక్కన ఒక వంతు పొడికి తొమ్మిది పది వంతులు కాచి చల్లార్చిన నీళ్లు. ముందు కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి తర్వాత పలచన చేయకపోతే ఉండలు కడుతుంది. పొడిని ఇంటికిస్తే ఇంట్లో అందరికీ పలచగా కలిపేవారు, లేదా అమ్ముకునేవారు. అందుకే సెంటరులోనే కలిపి, అక్కడే తాగించమన్నారు. మీ పెద్దవాళ్ల చేతిలో గిన్నె అందుకే. ఇందులో రెండు చిక్కులు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువు నీళ్లే దిక్కు, సరిగా మరగకపోతే పాలతోపాటే విరేచనాలు. రెండోది, వెన్నతోపాటు ఎ విటమిన్ కూడా పోతుంది. ఒట్టి ఆ పాల మీద పెరిగిన పిల్లలకు కళ్లు దెబ్బతినే ముప్పు. అందుకే చేప నూనె మాత్రలు ఇచ్చేవారు, తర్వాత పొడిలోనే విటమిన్ కలిపారు. 1970 నుంచి ఏడాది నిండిన పిల్లలకు ఐదేళ్లదాకా ఆరునెలలకోసారి 2 లక్షల యూనిట్ల ఎ విటమిన్ ద్రావణం ఇవ్వడం మొదలైంది. దానికి ఆధారమైన పరిశోధన హైదరాబాద్ పోషకాహార సంస్థది.

జవాబు 4: దస్త్రాల పెట్టె

రికార్డుల దగ్గర జనం తప్పిపోయే చోట్లు చెప్తాను.

మొదటిది జిల్లా. 1859లో పాత గుంటూరు జిల్లాను రద్దు చేశారు, గుంటూరు జిల్లా మళ్లీ 1904లో ఏర్పడింది. ఆ మధ్య 45 ఏళ్ల గుంటూరు లెక్కలన్నీ కృష్ణా జిల్లా కింద ఉంటాయి. 1904 నుంచి 1970 దాకా గుంటూరు అంకెల్లో ఒంగోలు కూడా కలిసి ఉంటుంది. ఇది తెలియక పోలిస్తే 1970లో జననాలు అమాంతం పడిపోయినట్టు కనిపిస్తుంది. విజయవాడ కోసం సూచికల్లో బెజవాడ అని వెతకండి.

1953 ముందటి ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. మిడ్‌వైఫ్ పోస్టు మంజూరు, ప్రసూతి కేంద్రానికి అద్దె ఇల్లు, జీతం లాంటివి లోకల్ అండ్ మునిసిపల్ శాఖ జీవోల్లో, తర్వాతి కాలంవి ప్రజారోగ్య శాఖ జీవోల్లో వెతకాలి. సంవత్సరం, శాఖ, జీవో నంబరు లేకుండా వెళ్తే రోజు వృథా. ముందు వార్షిక సూచిక సంపుటం అడిగి "గుంటూరు మునిసిపాలిటీ", "మెటర్నిటీ" పదాల కింద నంబర్లు రాసుకుని, తర్వాత చీటీ ఇవ్వండి. మద్రాసు ప్రజారోగ్య డైరెక్టరు వార్షిక నివేదికలు బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో వి/24 వరసలో ఉన్నాయి. మద్రాసు టీకా నివేదికలు కొన్ని స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితంగా చదవొచ్చు.

జనన రిజిస్టర్లు పట్టణంలో మునిసిపల్ ఆరోగ్య విభాగం దగ్గర, పల్లెల్లో మునసబు దగ్గర. 1899 మద్రాసు చట్టం కింద పల్లెలో పుట్టుక, చావు రాసేది మునసబే. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు పుస్తకాలు చేతులు మారాయి. ఒక ఊరి రిజిస్టరు తాలూకా ఆఫీసులో దొరికితే, పక్క ఊరిది పంచాయతీ బీరువాలో ఉండొచ్చు. రెండు చోట్లా అడగండి.

ఆ పుస్తకాలు చదివేటప్పుడు మూడు గుర్తుంచుకోండి. తొలి కాన్పు పుట్టింట్లో గనుక, బిడ్డ పుట్టుక తల్లి పుట్టిన ఊరి రిజిస్టరులో ఉంటుంది. అత్తవారి ఊళ్లో వెతికితే దొరకదు. పేరు గడి ఖాళీగా ఉంటుంది, నామకరణానికి ముందే రాసేశారు కాబట్టి. "ఆడ", తండ్రి పేరు, వీధి, ఇంతే. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పదకొండో రోజు పురుడు కడగకముందే పోయిన బిడ్డ చాలాసార్లు ఇటు జననాల్లోనూ ఎక్కలేదు, అటు మరణాల్లోనూ ఎక్కలేదు. శిక్షణ నర్సు గారు చెప్పిన ధనుర్వాతం పిల్లల్ని తీసుకెళ్లేది సరిగ్గా ఆ రోజుల్లోనే. కాబట్టి రిజిస్టరు చూసి లెక్కకట్టిన శిశు మరణాల రేటు అసలు కంటే తక్కువే వస్తుంది. మీ పుస్తకంలో అంకె వేస్తే పక్కనే ఈ మాట కూడా వేయండి.

వీలుంటే జనన రిజిస్టరును మిడ్‌వైఫ్ కాన్పుల పుస్తకంతో తేదీ తేదీకి పోల్చి చూడండి. కాన్పుల పుస్తకంలో తల్లి పేరు, ఎన్నో చూలు, మాయ పడిన సమయం, బిడ్డ బరువు, తర్వాత ఎన్నిసార్లు వెళ్లారు అన్న గడులు ఉంటాయి. పాత మునిసిపల్ ప్రసూతి కేంద్రాల భవనాలు ఇప్పుడు పట్టణ ఆరోగ్య కేంద్రాలుగా ఉన్నచోట, స్టోరు గదిలో పాత స్టాకు పుస్తకాలతో కలిసి ఇవి పడి ఉండొచ్చు. పాతవని కాల్చేయకముందే కమిషనర్ గారి పేరున అర్జీ పెట్టి, ఫొటోలు తీసుకోవడానికి అనుమతి అడగండి. ఫొటోలో తల్లుల పేర్లుంటాయి కాబట్టి, పుస్తకంలో వేసేటప్పుడు ఆ గడి మూసేయండి.